పేము అల్లే మనిషి

పొద్దున ఏడింటికి నానబెట్టిన పేము బద్దలు పదిన్నరకే ఎండిపోవడం మొదలుపెట్టాయి. మే నెల కత్తిరి ఎండలు. చింతాద్రిపేటలోని ఆ సందులో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నా, ఎండ మాత్రం ఎలాగో దారి చేసుకుని అరుగు మీదికి వచ్చేస్తుంది. హైమవతి బకెట్లోంచి చెంబుతో నీళ్లు తీసి బద్దల మీద చల్లింది. అడుగున ఇంకో రెండు చెంబులు మిగిలాయి. నీళ్ల లారీ నిన్న రాలేదు. ఇవాళ వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఆ రెండు చెంబులూ వంటకా, పేముకా అని ఒక్క క్షణం ఆలోచించి, పేముకే ఉంచింది.

బద్దలు తీసుకుని లోపలికి వచ్చి, తలుపు చేరవేసి టేకు కుర్చీ చట్రం ముందు కూర్చుంది. సీటు అల్లడం అయిపోయింది. వీపు వైపు నిలువు వరసలు, అడ్డ వరసలు పూర్తయి, ఏటవాలు వరసలు సగంలో ఉన్నాయి. ఒక్కో బద్దనీ రంధ్రంలోంచి లాగి, కిందా పైనా తిప్పి, బిగువు సడలకుండా చెక్క మేకు కొట్టాలి. మెడ నరం ఉదయం నుంచీ పీకుతోంది. కుడి బొటనవేలి మీద నిన్నటి కోత మళ్లీ తెరుచుకుంది. నెత్తురంటితే పేము మీద మరక పోదు. పాత చీర పీలిక ఒకటి వేలికి చుట్టుకుని మళ్లీ వంగింది.

"ఇంకా ఎంతసేపు హైమా?" అన్నాడు గోడకానుకుని కూర్చున్న ఆమె భర్త చెంగయ్య.

"అయిపోయినట్టే మామా. కడాన నాలుగు వరసలు నీకోసం ఇడిచిపెడతా. నువ్వేం అల్లబళ్లే. బద్ద పట్టుకుని లాగినట్టు చెయ్యి, చాలు. కెమెరా ఆడెక్కడో నిలబడి తీస్తాది. దానికేం తెలస్తాది?"

చెంగయ్య ఒళ్లో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నా దాని వణుకు ఆగదు. ఆరేళ్లుగా ఆగడం లేదు.

చెంగయ్య తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో పేము పనే. ఒకప్పుడు ప్రభుత్వ కచేరీల్లో, బ్యాంకుల్లో కుర్చీలన్నీ పేము కుర్చీలే. సీటు తెగితే ఆ ఇంటికే పంపేవాళ్లు. తరవాత ప్లాస్టిక్ వైరు వచ్చింది, దాని వెనక స్పాంజి సీట్లు వచ్చాయి, పని పోయింది. పన్నెండేళ్లు చెంగయ్య ఒక కల్యాణ మండపంలో కాపలా ఉన్నాడు. హైమవతి నాలుగిళ్లలో అంట్లు తోమింది. ఎప్పుడైనా ఒక పాత కుర్చీ వస్తే సెలవు రోజున చూసుకునేవాళ్లు.

మూడేళ్ల కింద కాలం మళ్లీ తిరిగింది. కొత్త ఫ్లాట్లలో పేము అల్లిక ఫ్యాషనైంది. కుర్చీ వీపులు, బీరువా తలుపులు, మంచాల తలవైపు పలకలు, దీపాల గొడుగులు కూడా పేముతోనే కావాలంటున్నారు. టి. నగర్‌లో కొత్తగా పెట్టిన ఒక ఫర్నిచర్ షోరూము నుంచి మధుమిత అనే డిజైనరు, చెంగయ్య పేరు ఎవరో చెబితే వెతుక్కుంటూ ఈ సందులోకి వచ్చింది. ఆమెది విజయవాడ. అప్పటికే చెంగయ్య చెయ్యి వణకడం మొదలై మూడేళ్లయింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఇంటి ఆడవాళ్లు పేము చీలుస్తారు, గీకుతారు, నానబెడతారు. చట్రం ముందు మాత్రం కూర్చోరు. ఆడమనిషి చట్రం ముందు కూర్చుంటే పని ఇల్లిడిచి పోతుందని అత్త పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. హైమవతి కూర్చోలేదు. పక్కన నిలబడి ఇరవై అయిదేళ్లు బద్దలందించింది. ఆ అందించడంలోనే ఏ బద్ద ఎటు పోతుందో, ఎక్కడ ఎంత బిగువు కావాలో కళ్లతోనే నేర్చుకుంది. షోరూము నుంచి మొదటి కుర్చీ వచ్చిన రోజున చెంగయ్య పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తంటాలు పడి మూడు వరసలు కూడా పూర్తి చేయలేకపోయాడు. హైమవతి వీధి తలుపు వేసి వచ్చి చట్రం ముందు కూర్చుంది. సాయంత్రం అతను ఆ అల్లిక మీద వేళ్లు పోనిచ్చి చూశాడు.

"మా నాయన అల్లినట్టే ఉండాది," అన్నాడు చివరికి.

అంతే. ఆ తరవాత ఎన్ని కుర్చీలు పోయినా చెంగయ్య పేరు మీదే పోయాయి. కుర్చీకి తొమ్మిది వందలు. రెండు రోజుల పని. షోరూములో అదే కుర్చీ ఇరవై నాలుగు వేలు. ఆ లెక్క హైమవతికి తెలుసు గాని, దాని గురించి ఆలోచిస్తే వేళ్లు నెమ్మదిస్తాయని ఆలోచించడం మానేసింది. పేరు గురించి కూడా అప్పట్లో ఆమెకు పట్టింపు లేదు. ఇద్దరూ కలిసి తినే అన్నానికి ఎవరి పేరైతే ఏమిటి అనుకుంది. ఈ ఏడాది మధుమిత, కుర్చీకి కట్టే అట్ట చీటీ ఒకటి తెచ్చి చదివి వినిపించింది. చెంగయ్య ఫోటో, దాని కింద 'ఈ చేతులు నాలుగు తరాలుగా అల్లుతున్నాయి' అని ఇంగ్లీషులో. ఆ రోజు హైమవతి టీ గ్లాసులు కడుగుతోంది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

పదకొండున్నరకు మధుమిత, కెమెరా పట్టుకున్న ఆనంద్‌రాజ్ వచ్చారు. వెబ్‌సైట్‌లో పెట్టడానికి రెండు నిమిషాల వీడియో కావాలట. వస్తూనే అరుగు మీద బకెట్టు తీయించి చట్రం అక్కడ పెట్టించారు. తలుపు పక్కనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీ లోపల పెట్టించారు. దండెం మీది బట్టలు తీయించారు. తాము తెచ్చిన ఇత్తడి దీపం, ఆకుపచ్చ మొక్క ఉన్న కుండీ గోడ పక్కన అమర్చారు. మధుమిత సంచీలోంచి గంధం రంగు నార కుర్తాలు రెండు తీసింది.

"సైజు తెలీక రెండు తెచ్చానండీ. తాతగారూ, ఇది చూడండి, మీకు సరిపోతుంది."

చెంగయ్య కుర్తా తొడుక్కున్నాడు. గుండీలు హైమవతి పెట్టింది. చట్రం ముందు కూర్చుని బద్ద కొస చేతిలోకి తీసుకున్నాడు. ఆనంద్‌రాజ్ కెమెరా పట్టుకుని దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చాడు. హైమవతి అనుకున్నట్టు అది ఎక్కడో దూరంగా నిలబడలేదు. చెంగయ్య వేళ్లకు జానెడు దూరంలో ఆగింది.

బద్ద రంధ్రంలోకి పోలేదు. రెండోసారి చట్రానికి తగిలి వంగిపోయింది. మూడోసారి చేతిలోంచి జారి కింద పడింది.

"ఒరు నిమిషం మేడం," అన్నాడు తమిళంలో ఆనంద్‌రాజ్. కెమెరా దించి, నేల చూస్తూ నిలబడ్డాడు.

"కంగారేం లేదు తాతగారూ. కెమెరా ఉందని మర్చిపోండి. రోజూ ఎలా చేస్తారో అలా చేయండి."

"రోజూ చెయ్యటంలేదమ్మా," అన్నాడు చెంగయ్య తలెత్తకుండా. "ఆరేండ్లాయ. చెయ్యి మాట ఇనదు."

సందులో ఎవరో కుక్కర్ తెరిచిన చప్పుడైంది. మధుమిత అతని చేతిని చూసింది, కుర్చీ వీపు మీది అల్లికను చూసింది.

"మరి మాకిచ్చిన కుర్చీలన్నీ? ఆ పద్నాలుగు మంచాల పలకలు?"

"నేనే," అంది హైమవతి.

ఆ మాట అంత తేలిగ్గా బయటికి వస్తుందని ఆమె అనుకోలేదు. మధుమిత వంగి కూర్చుని అల్లిక మీద చెయ్యి వేసింది. ఆమె మొహంలో నిజమైన ఆశ్చర్యం, సంతోషం కనిపించాయి. "ఆంటీ, ఇదంతా మీరేనా! మూడేళ్లుగా వస్తున్నాను, ఒక్కసారైనా చెప్పలేదేంటండీ?" అంది. లేచి, ఫోను తీసుకుని సందులోకి వెళ్లింది. అయిదు నిమిషాలు మాట్లాడింది. తిరిగి వచ్చేసరికి ఆ సంతోషం లేదు. పొద్దున్నించీ తిరుగుతున్న అలసట మాత్రం ఉంది.

"మా ఓనర్ సార్‌తో మాట్లాడాను. చీటీలు పదివేలు అచ్చయిపోయాయట. వెబ్‌సైటంతా తాతగారి మీదే ఉంది. ఇప్పుడు మార్చలేమంటున్నారు." రెండో కుర్తా మడత విప్పింది. "ఒక పని చేద్దామండీ. మొహం తాతగారిది తీసుకుంటాం. చేతులు మీవి. ఈ కుర్తా వేసుకుంటే ముంజేతుల దాకా అదే బట్ట కనిపిస్తుంది. దగ్గర్నుంచి తీస్తాం కాబట్టి ఎవరివో తెలీదు. పది నిమిషాలు, అంతే."

హైమవతి ఆ కుర్తాను చూసింది. తీసుకోలేదు.

"మగవాళ్ల బట్ట అని ఇబ్బందా ఆంటీ? లోపల వేసుకుని రండి. కావాలంటే ఆనంద్‌ని కాసేపు బయట నిలబడమంటాను."

"చొక్కాదేముందమ్మా. ఆయన పాత చొక్కా ఏసుకునే కదా నేను పేము గీకేది. అది కాదు."

"మరి?"

"చేతులు నావి, మొహం ఆయనది అంటా ఉండారే. ఆ రెండూ కలిపితే వొచ్చే మనిషి ఎవురు? అట్టాంటి మనిషి ఈ ఇంట్లో లేడు."

"హైమా," అన్నాడు చెంగయ్య. గొంతు బతిమాలుతున్నట్టుంది. "ఒక్కరోజు పనే కదా. ఏసుకో. పని పోతే ఏం జేస్తాం?"

ఆమె అతని వైపు తిరిగింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెలో ఉన్నట్టు లేదు.

"నీ చెయ్యి పడిపోయిన కాడ నించి నీ పేరు పడిపోకుండా చూసినా మామా. నువ్వు అడక్కుండానే చేసినా. అది నా ఇష్టం. ఇప్పుడీళ్లు వొచ్చి నా చేతులు కూడా నీయే అని చూపియ్యమంటా ఉండారు. నా వల్ల కాదు. నన్ను తియ్యాలంటే మొహంతోనే తియ్యండి. లేకపోతే వొద్దు."

మధుమిత కుర్తాను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"మీ మాట తప్పని నేననను ఆంటీ. నేనూ ఆడదాన్నే. కానీ సార్ ఇప్పటికే రోల్స్ అంటున్నారు. మిషను మీద అల్లిన పేము, చాప చుట్టలా వస్తుంది. మీటరు ఆరు వందలు. కోసి మేకులు కొట్టేస్తే గంటలో కుర్చీ అయిపోతుంది. మీ దగ్గర చేయిస్తున్నది ఈ కథ కోసమే. ఆ కథ లేకపోతే..."

హైమవతికి మళ్లీ నాలుగిళ్ల అంట్లు, ఆ సబ్బునీళ్ల వాసన, మోకాళ్ల నొప్పి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. యాభై అయిదేళ్లు నిండిన మనిషిని ఇప్పుడెవరు పనిలో పెట్టుకుంటారు?

"రోలే తెచ్చుకోండమ్మా," అంది. "ఆపేదానికి నేనెవురు? ఈ కుర్చీకి బద్దలు నానబెట్టేసినా. ఇది మటుకు పూర్తి చేసి పంపిస్తా."

మధుమిత మళ్లీ ఫోను చెవికి ఆనించుకుని సందులోకి వెళ్లింది. ఆనంద్‌రాజ్ కుండీ పక్కకు జరిపి, ఇత్తడి దీపాన్ని పాత దినపత్రికలో చుట్టడం మొదలుపెట్టాడు.

చెంగయ్య గోడ వారకు జరిగాక హైమవతి చట్రం ముందు కూర్చుంది. భర్త కోసం వదిలిన నాలుగు వరసల్లో మొదటిది ఎత్తుకుంది. బద్ద కిందికి పోయి పైకి వచ్చింది. ఈసారి తలుపు చాటున కాదు, అరుగు మీదే. దారిన పోయే ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. ఆమె ఆగలేదు.

చెంగయ్య కూర్చున్న చోటే కుర్తా గుండీలు విప్పడానికి ప్రయత్నిస్తున్నాడు. మొదటిది చాలాసేపటికి ఊడింది. రెండోది రాలేదు. అతను ఒకసారి హైమవతి వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ బద్ద బిగువు పట్టి ఉన్నాయి. వదిలితే వరసంతా సడలిపోతుంది. అతను అడగలేదు. గోడ పట్టుకుని లేచి, గుండీలు సగం విప్పిన కుర్తాతోనే అరుగు దిగాడు. చెప్పులు వేసుకోలేదు.

అతను బతిమాలడానికి వెళ్తున్నాడో, ఇంకేమైనా చెప్పడానికి వెళ్తున్నాడో హైమవతికి తెలియలేదు. మధుమిత అతన్ని చూసి, చెవి దగ్గర్నుంచి ఫోను తీయకుండానే ఒక్క నిమిషం అన్నట్టు వేలు ఎత్తింది. కాలుతున్న సిమెంటు మీద పాదాలు మార్చి మార్చి వేస్తూ చెంగయ్య ఆమె ముందు నిలబడ్డాడు.