సూదుల గదికి వచ్చే ఆవిడ

బస్సు డ్రైవరు నిదానం, డాక్టరు దగ్గర మొదటిసారి అబద్ధమాడింది ఆసుపత్రి రెండో అంతస్తులో, చొక్కా విప్పి బల్ల మీద కూర్చున్నప్పుడు. అంతకుముందు ఎప్పుడూ అబద్ధమాడని సత్యసంధుడేమీ కాదు. "ఇదిగో వచ్చేస్తున్నా, సందు మలుపులోనే ఉన్నా" అని ఇంట్లోవాళ్ళకి ఫోనులో ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో ఆయనకే తెలియదు. కానీ అవి నోటి తుంపరలాంటివి, ఎవరికీ అంటవు. ఇది అలాంటిది కాదు.

ఆయన అసలు పేరుతో మనకి పని లేదు. సిటీ బస్సుల డిపోలో అందరికీ ఆయన నిదానమే. బస్సు అంత మెల్లగా నడిపేవాడు మరి. వెనక సీట్లవాళ్ళు శాపనార్థాలు పెట్టినా, పక్కనుంచి సైకిళ్ళు దాటుకుని పోయినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. అలాంటి మనిషికి కుడి భుజం పట్టేసింది. స్టీరింగు తిప్పితే ప్రాణం విలవిల్లాడేది, చొక్కా తొడుక్కోవాలంటే పక్కన ఇంకో మనిషి ఉండాలి. డిపోవాళ్ళు ఆయన్ని బస్సు దింపి, పోగొట్టుకున్న వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులకి కాపలా అన్నమాట.

కూతురు ఊరుకోలేదు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని ఆ పిల్లది. సెలవు పెట్టి మరీ తండ్రిని ఎముకల డాక్టరమ్మ దగ్గరికి లాక్కొచ్చింది. డాక్టరమ్మ భుజాన్ని అటూ ఇటూ వంచి, స్కానింగు తీయించి, లోపల నరంలాంటి కండ ఒకటి కాస్త చిరిగిందని చెప్పింది. మాత్రలు రాసింది, వ్యాయామాలు చూపించింది. ఆఖర్న, "వీటికి తోడు సూదులు కూడా పెడతాను" అంది.

"అంత పెద్ద చదువు చదివి ఈ సూదుల వైద్యమేంటమ్మా?" అన్నాడు నిదానం. మనిషికి నోరు మాత్రం నిదానం కాదు.

డాక్టరమ్మ నవ్వింది. "చదివిందేమీ అటకెక్కించలేదు లెండి. మాత్రలు మాత్రలే, వ్యాయామం వ్యాయామమే. సూదులు చుట్టంలా వచ్చి ఓ చెయ్యి వేసి పోతాయి, ఇల్లు ఆక్రమించుకోవు. కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి చెయ్యవు. మీకు పనిచేస్తున్నాయో లేదో మీరే నాకు చెప్పాలి."

అదిగో, కొంప ముంచింది ఆ చివరి మాటే. జ్వరం కొలవడానికి కొలత ఉంది, రక్తపోటుకి ఉంది. నొప్పిని కొలిచే యంత్రం ఇంకా పుట్టలేదు. రోగి నోరే యంత్రం. ఆ నోరు ఎంతంటే అంతే.

సూదుల గది నడవా చివర ఉంది. ఒకే మంచం, ఒక తెర, ఎత్తైన కిటికీ. అప్పుడే ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచి ఉంటుంది. డాక్టరమ్మ పొట్లం చింపి వెంట్రుకంత సన్నటి సూదులు తీసి, భుజం చుట్టూ కొన్ని, బొటనవేలి పక్కన ఒకటి, మోకాలి కింద ఒకటి పెట్టింది.

"భుజం నొప్పికి కాలి మీద సూదేంటమ్మా, దారి తప్పారా?"

"మీ డిపో ఒకచోట, మీ పెద్దాఫీసు ఒకచోట ఉండదూ? ఇదీ అంతే. కదలకండి."

సూది దిగినచోట నొప్పి లేదు. ఏదో బరువు, చల్లటి నీళ్ళలో చెయ్యి ముంచి ఉంచినట్టు ఒక తిమ్మిరి. అది మోచేతి దాకా మెల్లగా పాకింది. డాక్టరమ్మ తెర లాగి వెళ్ళిపోయింది. ఎక్కడో నీళ్ళ కుళాయి, ఎవరివో చెప్పుల చప్పుడు, తర్వాత అదీ లేదు. నిదానానికి రెప్పలు వాలాయి. మెలకువా కాదు, నిద్రా కాదు.

బస్సు నడుపుతున్నాడు. ఖాళీ బస్సు. రోడ్డు మీద పురుగు లేదు, సిగ్నలు లేదు, స్టీరింగు చేతుల్లో వెన్నలా తిరుగుతోంది. రోడ్డుకి అటూ ఇటూ కడిగినట్టు తెల్లటి వెలుతురు. వెనక నుంచి వేడి ఇస్త్రీ బట్టల వాసన. తలెత్తి అద్దంలోకి చూస్తే, వెనక సీట్లో రెండు చేతులు. ముఖం కనపడలేదు, అద్దంలో చేతుల వరకే పడ్డాయి. ఆ చేతులు ఒడిలో తువ్వాలు పెట్టుకుని అంచుకి అంచు కలిపి మడత పెడుతున్నాయి.

ఇంకెవరివి ఆ చేతులు! ఆయన భార్యవి. లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి జీవితమంతా మడతలు పెట్టిన చేతులు. ఒక మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరే గుండె ఆగి పడిపోయింది. నిదానం అప్పుడు ఊరికి అవతలి కొసన బస్సు తిప్పుతున్నాడు. కబురు అందుకుని ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరి మాట లేదు, చూపు లేదు.

"మరీ ఇంత మెల్లగానా? నేను నడిస్తే ముందెళ్ళిపోతాను" అంది వెనక నుంచి.

బతికున్న రోజుల్లోనూ అదే మాట. ఆ మాట అంటూనే ఆయన బస్సు ఎక్కకుండా ఆ మహాతల్లి జీవితం గడిపేసింది. ఇప్పుడు ఎక్కింది! నిదానం ఏదో అనబోయేలోగా సూదుల టైము అయిందని గంట గణగణమంది. తెర తొలగింది. డాక్టరమ్మ సూదులు తీసి స్టీలు పళ్ళెంలో వేస్తోంది.

ఆ తర్వాత ప్రతివారం అదే బస్సు, అదే రోడ్డు. ఆవిడ గ్యాసు కట్టేశావా అనేది, మెడ దగ్గర కాలరు మాసిందనేది. ఈయన సరే అనేవాడు, ఊ అనేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంత బుద్ధిగా ఎప్పుడూ ఊ కొట్టలేదు. ఇంట్లో రాత్రుళ్ళు ఎంత నిద్రపోయినా రాని మనిషి, ఆ గదిలో సూదులు దిగితే చాలు, వచ్చి కూర్చునేది.

ఇంతలో ఏమైందంటే, భుజం బాగుపడిపోయింది. మాత్రల మహిమో, వ్యాయామాలో, సూదులో, మూడూ కలిసో. ఒకరోజు పొద్దున పైఅర మీద పంచదార డబ్బా అందుకుని, కిందికి దించాక గానీ తెలియలేదు, చెయ్యి అంత ఎత్తు లేచిందని. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. నిదానానికి గుండె గుభేలుమంది. భుజం బాగైతే సూదులు ఆపేస్తారు. సూదులు ఆపేస్తే ఆవిడ ఎలా వస్తుంది?

ఆ రోజే డాక్టరమ్మ అడిగింది, "పదికి ఎంత ఉంది నొప్పి?"

"ఎనిమిది" అన్నాడు. అంటూ చెయ్యి ఛాతీ దాకా ఎత్తి, "అమ్మా!" అని మూలిగాడు. నాటకాల్లో వేషం కట్టినవాడు కూడా అంత బాగా మూలగడు.

పాపం డాక్టరమ్మకి ఏం తెలుసు? ఘాటు మాత్రలు రాసింది. అవి వేసుకుంటే కడుపులో మంట, తిండి దిగేది కాదు. అయినా కిక్కురుమనకుండా మింగాడు. భుజంలోకి ఇంజెక్షను ఇచ్చింది. మళ్ళీ ఎనిమిదే అన్నాడు. కూతురు రాత్రుళ్ళు వేడినీళ్ళ సంచీతో భుజానికి కాపడం పెట్టేది. ఆ పిల్ల వంచిన తల చూస్తుంటే నిదానానికి తన మీద తనకే అసహ్యం వేసేది. చెప్పేద్దామని నోరు తెరిచేవాడు, వచ్చే వారం తలుచుకుని మూసేవాడు. ఆ ఇంట్లో తల్లి మాట ఎత్తితే ఎదుటివాళ్ళు ఏడుస్తారని ఇద్దరికీ భయం. అందుకే ఇద్దరూ ఎత్తేవారు కాదు.

చివరికి డాక్టరమ్మ ఫైలు మూసి, "ఇక ఆపరేషను తప్పదండీ. చిన్న కోతే, కానీ కోత కోతే. ఇన్ని చేసినా నొప్పి పోలేదంటే లోపల చూడాల్సిందే" అంది.

కూతురి ముఖం పాలిపోయింది. నిదానం మాత్రం వేరే లెక్కలో పడ్డాడు. కాసేపు సూదులకే అంత దూరం ప్రయాణమైతే, ఆపరేషనుకి మత్తిచ్చి గంటలు గంటలు నిద్రపుచ్చుతారు కదా? అన్ని గంటలూ ఆవిడ వెనక సీట్లో! అద్దం కాస్త వంచుకుంటే ముఖం కూడా చూడొచ్చు. వినండి, బాగున్న భుజాన్ని కోయించుకోవడానికి ఆ మనిషి లోలోపల సంబరపడ్డాడు. ప్రేమంటారో పిచ్చంటారో మీ ఇష్టం.

ఆపరేషనుకి ముందు రోజు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మత్తు డాక్టరు వచ్చి గుండె, ఊపిరి పరీక్ష చేశాడు. సరదా కుర్రాడు. నిదానం గొంతు సవరించుకుని అడిగాడు, "బాబూ, అంతసేపు నిద్రలో కలలు బాగా వస్తాయా?"

"కలలెక్కడివి పెద్దాయనా? చాలామందికి ఏమీ తెలీదు. కళ్ళు మూస్తారు, కళ్ళు తెరుస్తారు. మధ్యలో సినిమా ఉండదు, ఇంటర్వెల్లూ ఉండదు" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

నిదానం ఆ మంచం మీద అలాగే కూర్చుండిపోయాడు. గంటలకి గంటలు ఖాళీ. రోడ్డు ఉండదు, బస్సు ఉండదు, ఆవిడ ఉండదు. పక్క కుర్చీలో కూతురు ఆయన తువ్వాళ్ళు, బట్టలు సంచీలోంచి తీసి సర్దుతోంది. ఒకే తువ్వాలుని విప్పి మళ్ళీ మళ్ళీ మడుస్తోంది. ఈ పిల్లని ఇంత భయపెట్టింది తనే. ఆ మాట తట్టిందే తడవు లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా నడవా చివరికి నడిచాడు. కూతురు "నాన్నా, నాన్నా" అంటూ వెనకే పరుగెత్తింది.

డాక్టరమ్మ సూదుల గదిలో చేతులు కడుక్కుంటోంది.

"నొప్పి లేదమ్మా" అన్నాడు. "చాలా రోజులైంది పోయి. అబద్ధం చెప్పాను." అని కుడి చెయ్యి నిట్టనిలువుగా పైకెత్తి నిలబడ్డాడు.

డాక్టరమ్మ కుళాయి కట్టడం మర్చిపోయింది. దగ్గరికొచ్చి చెయ్యి వంచింది, తిప్పింది, గట్టిగా నొక్కింది. ఎక్కడా అడ్డు లేదు. "ఎందుకు?" అంది.

చెప్పాడు. బస్సు గురించి, అద్దం గురించి, చేతుల గురించి. నేల వైపు చూస్తూ చెప్పాడు. గుమ్మంలో కూతురు నిలబడి ఉందన్న సంగతి తెలిసే చెప్పాడు.

డాక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! "రేపు మిమ్మల్ని కోయించేదాన్నయ్యా! ఏ రోగమూ లేని భుజాన్ని! రేపు ఏదైనా జరిగితే ఈ పిల్లకి నేనేం జవాబు చెప్పేదాన్ని? మీరు చెప్పిందే కదా నాకు ఆధారం?" అని కేకలేసింది. నిదానం చేతులు కట్టుకుని అన్నీ పడ్డాడు. కేకలు అయ్యాక డాక్టరమ్మ కుళాయి కట్టేసి, ఫోను చేసి ఆపరేషను ఆపించింది. ఘాటు మాత్రలు మానేయమంది.

అప్పుడు, సిగ్గు విడిచి, "ఒక్కసారి పెట్టండమ్మా. ఆఖరిసారి. వెళ్ళొస్తానని చెప్పుకోలేదు" అన్నాడు.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంది. "పెట్టలేనండీ. నొప్పికైతే పెడతాను. ఆవిడ కోసం పెడితే మీరు జన్మలో ఈ మంచం దిగరు" అంది. గొంతులో కోపం లేదు. నిదానం తలూపాడు. తెర పక్కకి తప్పుకున్నాడు.

తండ్రీకూతుళ్ళు ఆసుపత్రి ముందు బస్టాపులో కూర్చున్నారు. సంచీ ఇద్దరి మధ్యా ఉంది. కూతురు తిడుతుందని చూశాడు, తిట్టలేదు. ఏడుస్తుందని చూశాడు, అదీ లేదు. ఒక బస్సు వచ్చి ఆగింది, వెళ్ళింది.

"నాకు ఒక్కసారి కూడా కల్లోకి రాలేదు నాన్నా" అంది చివరికి. తర్వాత, వినీ వినపడకుండా అడిగింది, "నా గురించి అడిగిందా?"

అడిగిందని చెబితే పోయేదేముంది? ఎనిమిది అన్నంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేస్తుంది. పిల్ల సంతోషిస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదమ్మా, అడగలేదు" అన్నాడు. "నేనూ చెప్పలేదు. ఆ కాసేపూ మీ అమ్మ నాకొక్కడికే కావాలనిపించింది. నువ్వు గుర్తుకే రాలేదు తల్లీ."

అనేశాక, ఇక ఈ పిల్ల తనకి దక్కదనుకున్నాడు. కూతురు సంచీ తీసి అవతల పెట్టి దగ్గరికి జరిగింది.

"చిన్నప్పుడు, అమ్మకి లాండ్రీ సెలవున్న రోజు, నువ్వు డ్యూటీకి వెళ్ళగానే నేనేం చేసేదాన్నో తెలుసా? తలుపు గడియ పెట్టేసేదాన్ని. సాయంత్రం దాకా అమ్మ మొత్తం నాదే అని" అంది. "నువ్వు త్వరగా రాకూడదని దణ్ణం పెట్టుకునేదాన్ని."

నిదానం ఆ పిల్ల వైపు తిరిగాడు. ఇన్నాళ్ళూ బెంగ తనొక్కడిదే అనుకున్నాడు.

ఇంకో బస్సు వచ్చింది. డ్రైవరు ఎక్కుతారా అన్నట్టు చూశాడు. నిదానం వెళ్ళమని చెయ్యి ఊపి, "తలుపేసుకుని ఏం చేసేవారే ఇద్దరూ? మొదట్నుంచీ చెప్పు" అన్నాడు.