అత్తగారి సీటు

మా అత్తగారికి నడుం పట్టేసింది. వారానికోసారి ఫిజియోథెరపీకి వెళ్ళాలి. ఆటో ఎక్కితే ఉన్న నొప్పి కాస్తా రెట్టింపవుతోందని ఆవిడ అనగానే, నా బండి మీద తీసుకెళ్తానని మాటిచ్చేశాను. ఎవరూ అడగలేదు. ఆదివారం వస్తే పళ్ళు తోముకోకముందే బండి తోముకునే మనిషిని. మా ఆవిడ చూసి నవ్వుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు.

నడుంనొప్పి మనిషి కూర్చునే బండి మెత్తగా ఉండాలి కదా అని నాకు నేనే తీర్మానించుకున్నాను. వెనక చక్రంలో గాలి కొంత తీసేశాను. వెనక స్ప్రింగులు తిప్పి బాగా వదులు చేశాను. చెయిన్ చప్పుడు చెయ్యకుండా నూనె పెట్టాను. పెట్టాను అంటున్నాను గానీ, పోశాననాలి. సీటు మీద సోఫా దిండొకటి కట్టాను. ఒకసారి మెకానిక్‌కి చూపించమని మా ఆవిడ అంది. మన బండి సంగతి మనకు తెలీదా అన్నాను.

అత్తగారు దిండెక్కి కూర్చున్నారు. మొదటి గుంతలోనే స్ప్రింగులు అడుగంటా దిగిపోయి దబ్బుమన్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా బండి తోక ఒకవైపు, మేము ఒకవైపు. బ్రేకు వేస్తే చాలు, ఆవిడ హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి కొట్టుకునేది. దారి పొడుగునా పెద్దావిడ చేత మొట్టికాయలు వేయించుకుంటూ వెళ్ళాను.

దిగాక ఎలా ఉందని అడిగాను. రెండు చేతులా గోడ పట్టుకుని, "బాగానే ఉంది బాబూ," అన్నారు. లోపలికి వెళ్తుంటే వెనక నుంచి చూశాను. ఆవిడ లేతరంగు బట్టల మీద మోకాలి దాకా నల్లటి నూనె చుక్కలు. లోపల ఫిజియోథెరపిస్టు ఆవిణ్ణి చూస్తూనే, దారిలో ఎక్కడైనా పడ్డారా అని అడిగిందట.

ఆ ఆదివారం పట్టుదలగా బండికి పెద్ద స్టాండు వేయబోయాను. నా నడుంలో ఏదో కలుక్కుమంది. బండి నిలబడింది, నేను వంగిపోయాను. మా ఆవిడ తాళం తీసుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, అదే ఫిజియోథెరపీకి బయల్దేరింది.

బండి కొన్నాక దాని వెనక సీటు మీద నేను కూర్చోవడం అదే మొదలు. కాలు పెట్టుకునే చోట ఒకపక్క రబ్బరే లేదు, చెప్పు జారిపోతోంది. రెండో పక్కది వదులై గిరగిరా తిరుగుతోంది. నేను కట్టిన దిండు నన్ను కుడికి తోస్తే, గుంతలు ఎడమకి తోస్తున్నాయి. పిక్కకి సైలెన్సర్ సెగ. సిగ్గు విడిచి మా ఆవిడ భుజాలు గట్టిగా పట్టుకున్నాను.

"బాగానే ఉందా?" అందామె.

"బాగానే ఉంది," అన్నాను. ఆ మాటకి అర్థం ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది.

దిగేటప్పుడు నిటారుగా నిలబడలేక చెయిన్ కవరు పట్టుకుని వంగాను. దాని మీదున్న కాగితం సరిగ్గా నా ముక్కు ముందుకొచ్చింది. ఇద్దరు ఎక్కితే వెనక చక్రంలో గాలి పెంచాలి, స్ప్రింగులు బిగించాలి అని బండి చేసినవాళ్ళే అచ్చేసి అంటించారు. ప్రతి ఆదివారం దాన్ని గుడ్డతో మెరిసేలా తుడిచాను. చదవలేదు.

నడుంనొప్పి కాస్త లొంగాక అంతా మళ్ళీ మొదలుపెట్టాను. గాలి, స్ప్రింగులు ఆ కాగితం చెప్పినట్టే. చెయిన్‌కి నాలుగు చుక్కలు వేసి, మిగిలింది తుడిచేశాను. కాళ్ళ దగ్గర కొత్త రబ్బర్లు వేసి బోల్టులు బిగించాను. సైలెన్సర్‌కి రేకు తొడుగు వేయించాను. దిండు సోఫాకి తిరిగి వెళ్ళింది. తర్వాత మా ఆవిణ్ణి ఎక్కించుకుని ఖాళీ వీధుల్లో నేర్చుకున్నాను: క్లచ్ మెల్లగా వదలడం, సిగ్నల్ దూరంగా ఉండగానే వేగం తగ్గించడం, గుంత వస్తోందని ముందే చెప్పడం. హెల్మెట్లు తగిలినప్పుడల్లా ఆమె వెనక నుంచి ఒక చిన్న దగ్గు దగ్గేది. దగ్గు మానేదాకా తిప్పాను.

అత్తగారు మళ్ళీ ఎక్కడానికి ఒప్పుకోవడం ఆవిడ మంచితనం. ఈసారి గుంతల్లో దబ్బుమనలేదు, మలుపుల్లో తోక ఊగలేదు. సగం దారి దాటాక వీపు మీద ఏదో బరువుగా ఆనింది. అద్దంలో చూస్తే ఆవిడ హెల్మెట్. కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. నొప్పితో రాత్రుళ్ళు నిద్ర లేదని మా ఆవిడ చెబుతూనే ఉంది.

ఉన్నపళాన ఆపితే పడిపోతారు, ఆపకపోయినా పడిపోతారు. పిల్లల ఉయ్యాల ఆపినట్టు ఆపుకుంటూ రోడ్డు పక్కన ఒక గోడ నీడకి చేర్చాను. రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, ఒక చేత్తో వెనక్కి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ట్రాఫిక్ పోలీసు వచ్చి ఇక్కడ ఆపకూడదన్నాడు. మా అత్తగారు నిద్రపోతున్నారండీ అన్నాను గొంతు తగ్గించి. అతను ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు. ఏమనుకున్నాడో, ఈల జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఫిజియోథెరపీకి ఇచ్చిన సమయం దాటిపోయింది. నా కాళ్ళు కొయ్యబారాయి. చివరికి ఆవిడే ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసి, జాలిగా అడిగారు.

"బండి ఆగిపోయిందా బాబూ?"

ఇన్నేళ్ళలో నా బండి నడిరోడ్డు మీద ఆగిన పాపాన పోలేదు.

"అవునత్తయ్యగారూ," అన్నాను. "పాత బండి కదా."