మోకాలెత్తు గోడ

డయాలసిస్ గదిలో ఆరు కుర్చీలు. కిటికీ పక్కది అన్న కుర్చీ. వారానికి మూడు రోజులు, పొద్దున్న ఏడింటికి అందులో కూర్చుంటే పదకొండింటిదాకా లేవడానికి లేదు. ఆ నాలుగు గంటలూ ఎడమ చెయ్యి యంత్రానిది, కుడి చెయ్యి ఒక్కటే తనది. సోమ, బుధవారాలు వదిన వచ్చి పక్కన కూర్చుంటుంది. శుక్రవారం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి చెల్లెలు వస్తుంది, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని.

"ఏం చేస్తున్నారే మనవాళ్ళు?" అంటాడు అన్న, సూదులు గుచ్చడం అయీ కాకముందే.

"పంట కోస్తున్నారు. నిన్న ఇద్దరు పోయారు, ముగ్గురు పుట్టారు" అంటుంది చెల్లెలు.

పక్క కుర్చీలోని రిటైర్డు లెక్కల మాస్టారు ఈ మాటలు విని మొదట్లో ఇదేదో పెద్ద కుటుంబం అనుకున్నాడు.

అన్న ఒకప్పుడు తవ్వకాల దగ్గర బొమ్మలు గీసేవాడు. భూమిలోంచి గోడ బయటపడితే గోడ, కుండ బయటపడితే కుండ, ఎంతుంటే అంత కొలిచి, తగ్గించి, కాగితం మీద పెట్టడం పని. ఆ పనికి ఒకటే కట్టుబాటు. కంటికి కనబడినదానికి నిండు గీత, ఉండి ఉంటుందనుకున్నదానికి చుక్కల గీత. "ఇక్కడ తలుపు ఉండే ఉంటుందయ్యా, గీసెయ్" అని తవ్వకాల అధికారి ఒకసారి అంటే, "చూపించండి, గీస్తాను" అన్నాడట. దాంతో ఇద్దరికీ రెండు నెలలు మాటల్లేవు. తలుపు మాత్రం ఈనాటికీ చుక్కల్లోనే ఉంది.

ఒకే దిబ్బ మీద పదకొండేళ్ళు పనిచేశాడు. మూడువేల ఏళ్ళ కిందటి ఊరది. తవ్వకాల మీద పుస్తకం రాయాల్సిన అధికారి రాయకుండానే పోయాడు. గోతులు పూడ్చేశారు. దిబ్బను చదును చేసి, సిమెంటు పోసి, గోడౌన్ కట్టారు. దొరికిన పెంకులు ఏ స్టోరులో ఏ మూలనున్నాయో చెప్పే నాథుడు లేడు. మిగిలిందల్లా అన్న మంచం కింద ట్రంకుపెట్టెలో మూడు వందల చిల్లర కాగితాలు.

చెల్లెలు పట్టణ ప్రణాళిక ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు సరిచూస్తుంది. ఖాళీ వేళల్లో ఒక కంప్యూటర్ ఆటకు పనిచేస్తుంది. ఆ ఆట ఎవరి సొత్తూ కాదు. లోపలి కోడంతా తెరిచి పెట్టి ఉంటుంది. ఎక్కడెక్కడి వాళ్ళో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, తలా ఒక చెయ్యి వేసి జీతం లేకుండా కడుతుంటారు. పాత కాలపు జాతులు ఊళ్ళు కట్టుకుని, పంటలు పండించుకుని, కండ పట్టాక పక్కవాడి మీద పడే ఆట. కొత్త జాతిని చేర్చాలంటే ఇళ్ళు, గాదె, గోడ, సైన్యం, ఇంకెవరికీ లేని ఒక బలం చూపించాలి. ప్రతి వస్తువుకూ ఎదురుగా 'ఆధారం' అని ఒక గడి ఉంటుంది. అందులో ఏదో ఒకటి రాయాలి. ఏమీ లేకపోతే 'ఊహ' అని అయినా ఒప్పుకోవాలి.

అలా ఆ ట్రంకుపెట్టెలోంచి 'దిబ్బవాళ్ళు' పుట్టారు. రెండేళ్ళు పట్టింది. వాళ్ళ బలం గోడ. మనిషి ఎత్తు చాలక, మనిషిన్నర ఎత్తున, ఊరంతా తిరిగే మట్టిగోడ. దాని మీద విల్లు పట్టుకుని కాపలావాళ్ళు నడుస్తారు. గాదెలుగా నిలువెత్తు కుండలు, నిచ్చెన వేసుకుని ఎక్కి గింజలు పోస్తారు. ముందుగా ఆడి చూసినవాళ్ళు ఆ కుండల మీద మనసు పారేసుకున్నారు. ఈ పనంతా నడిపించే ఆవిడను అందరూ మేస్త్రి అంటారు. ఎవరినీ ఊరికే మెచ్చుకోని ఆవిడ, "ఈ గోడ ఒక్కటి చాలు, వీళ్ళు ఈసారి వెర్షన్‌లో ఉండాల్సిందే" అని రాసింది. విడుదలకు ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. చివర్లో వచ్చే పేర్లలో అన్న పేరు ముందు ఉంటుంది. ఈసారి తప్పితే మళ్ళీ వెర్షన్ ఏడాదిన్నర తర్వాత. అన్న గుండె అంతదాకా ఆగేది కాదని డాక్టరు చెల్లెలిని వరండాలోకి పిలిచి చెప్పి నెలయింది.

గురువారం మధ్యాహ్నం, ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుండగా ఫోన్లో సందేహం నుంచి కబురొచ్చింది. సందేహం అంటే ఒక మనిషి. ఆధారాలు సరిచూడటం ఆయన పని. అడిగి అడిగి ఆ పేరు తెచ్చుకున్నాడు.

"మీ గాదె కుండ చూశాను. ముచ్చటగా ఉంది. ఒక్క అనుమానం. మూతి కింద బొటనవేళ్ళతో నొక్కిన వరస ఉంది కదా. మీ కొలత ప్రకారం ఒక్కో వేలూ బెత్తెడు వెడల్పు వస్తోంది. వీళ్ళు మనుషులేనా, ఇంకేమైనానా?"

చెల్లెలు నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. అన్న గీతలో తప్పుండదు, వేలిముద్రను కూడా కొలిచి గీసే మనిషి. మరి తప్పెవరిది? ఎదురుగా బల్ల మీద ఎవరిదో ఇంటి ప్లాన్ పరిచి ఉంది. ఒకటికి వంద. ఈ ఆఫీసులోకి వచ్చే ప్రతి ప్లానూ ఒకటికి వందే. ఇరవై రెండేళ్ళుగా ఆమె కన్ను కాగితం మీద సెంటీమీటరును చూస్తే చాలు, మీటరని చదివేస్తుంది. ఆ కన్నుతోనే అన్న కాగితాలనూ చదివింది.

సాయంత్రం నేరుగా అన్న ఇంటికి పోయింది. అన్న నిద్రపోతున్నాడు.

"వచ్చావా? కోటకు ఇంకో బురుజు కావాల్సొచ్చిందా?" అంది వదిన. "వంటింటి కప్పు కారుతోందని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాను. నేను కూడా మూడువేల ఏళ్ళ కిందట చచ్చుంటే, మీ అన్నాచెల్లెళ్ళు ఈపాటికి నాకో మంచి ఇల్లు కట్టేవాళ్ళు."

"ఒక్క కాగితం చూసుకుని పోతాను వదినా."

"చూసుకో. పెట్టె చప్పుడు చెయ్యకు, ఇప్పుడే ఆయనకు కునుకు పట్టింది."

ఆమె పనిచేసింది జిరాక్సుల మీద. అసలు కాగితాలు పెళుసెక్కాయని అన్నీ ఒకేసారి జిరాక్సు తీయించింది. అన్న కాగితాలు పెద్దవి, జిరాక్సు అద్దం చిన్నది. కింద వేలెడంత అంచు తెగిపోయింది. మంచం కింద మోకాళ్ళ మీద వంగి, ఫోను వెలుగులో అసలు కాగితం వెతికి పట్టుకుంది. ఆ అంచులో, అన్న గుండ్రటి అక్షరాల్లో, 'ఒకటికి ఇరవై' అని ఉంది.

ఆమె అన్నిటినీ ఐదింతలు చేసి చదివింది. రెండున్నర మీటర్ల గోడ యాభై సెంటీమీటర్లయి కూర్చుంది. మోకాలెత్తు. నిచ్చెన వేసుకుని ఎక్కే గాదె, ఒక మనిషి చంకన పెట్టుకుపోయే మంచినీళ్ళ కుండ.

కాగితం మడవకుండా పెట్టెలో పెట్టి, మూత వేసి లేచింది. అన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. వదిన టీ ఇస్తే ఏం తాగుతోందో తెలియకుండా తాగి వెళ్ళిపోయింది.

శుక్రవారం వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ సంగతి తెలిసింది తనకొక్కదానికే. సందేహానికి రాయాల్సింది ఒక్క ముక్క. డయాలసిస్ గదిలో కూర్చుని రాసింది కూడా. "అవి వేళ్ళ గుర్తులు కావు. చెక్క ముద్రతో వేసినవి." పంపే మీట మీద వేలు పెట్టి, తియ్యలేక, నొక్కలేక ఉండిపోయింది.

"ఏమంటున్నాడే సందేహం?" అన్నాడు అన్న.

"ఏముంది, మామూలే."

"బొటనవేళ్ళ సంగతి ఇంకా అడగలేదా?"

చెల్లెలు తలెత్తింది. అన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నీకు తెలుసా?"

అన్న కుడి చేత్తో కాళ్ళ మీది దుప్పటి తీసి, పైజామా ఎడమ కాలు పైకి లాగాడు. మోకాలి చిప్పకు కాస్త కింద, అడ్డంగా, పాత మచ్చ.

"ఇదెక్కడిదో తెలుసా?"

"చెట్టు మీంచి పడ్డావని అమ్మ చెప్పేది."

"అమ్మతో అలా చెప్పాను. గోడ తట్టుకుని పడ్డానంటే గుడ్డివాడివా అనేది. మూడో ఏడాది, చేతిలో డ్రాయింగు బోర్డుతో వెనక్కి అడుగేశాను, మళ్ళీ తిరగబోతే గోడ అంచు కాలికి కోసుకుంది. ఈ మచ్చ ఎంత ఎత్తుందో ఆ గోడ అంత ఎత్తు. పదకొండేళ్ళు రోజుకు ముప్ఫైసార్లు దాటినవాణ్ణి, నాకు తెలియదా?"

"మరి రెండేళ్ళుగా నోరు మెదపలేదేం?"

యంత్రం తన పని తాను చేసుకుపోతోంది. అన్న పైజామా కిందికి లాక్కుంటూ అన్నాడు.

"మొదటిసారి నువ్వు చూపించినప్పుడే చెప్పబోయాను. ఇంతలో గోడ మీద ఒకడు నడిచి పోయాడు. పదకొండేళ్ళూ నేను చూసినవన్నీ పునాదులేనే. మోకాలు దాటి పైకున్నది ఒక్కటి చూడలేదు. నిలబడి ఉన్న ఊరు అదే మొదటిసారి. ఒక్క వారం చూసుకుని చెబుదాంలే అనుకున్నాను. వారం నెలయింది. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది."

"ఇప్పుడు చెబితే తీసేస్తారు అన్నయ్యా. మళ్ళీ ఏడాదిన్నర."

"తెలుసు."

"ఏడాదిన్నరంటే..."

"అదీ తెలుసు. డాక్టరు నీకు వరండాలో చెబుతాడు. నాకు నీ మొహం చెబుతుంది."

పక్క కుర్చీ మాస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ గోడ ఎందుకో చెప్పనా?" అన్నాడు అన్న. "ప్రతి ఇంటి ముందూ ఉండేది. వానొస్తే వీధి నీళ్ళు వాకిట్లోకి రాకుండా. అంతే. ఇంకెవరికి భయపడ్డారో నేను చూడలేదు, వానకు మాత్రం భయపడ్డారు. అక్కడ ఒక్క బాణం ములికి దొరకలేదు మాకు. వాళ్ళ చేత మనం విల్లు పట్టించాం."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"గీత నాది. కొలత నీది. నువ్వు దీన్ని దాచేసినా నేను నిన్నొక్క మాట అనను." దుప్పటి మళ్ళీ కాళ్ళ మీదికి లాక్కున్నాడు. "అననని తెలిసే, నాకు భయంగా ఉంది."

చెల్లెలు స్క్రీన్ వంక చూసింది. గోడ మీద కాపలావాడు ఈ మూలనుంచి ఆ మూలకు నడిచి, తిరిగి, మళ్ళీ వస్తున్నాడు. చెక్క ముద్ర మాట ఒక్కో అక్షరం చెరిపేసింది. జరిగింది జరిగినట్టు అందరికీ రాసింది. గోడకు ఎదురుగా ఆధారం గడిలో, "అసలు కాగితం కింది అంచు, ఒకటికి ఇరవై. రెండో ఆధారం, గీసినవాడి కాలి మచ్చ" అని పెట్టింది.

మేస్త్రి జవాబు గంటలో వచ్చింది. "కోట గోడ లేదు, సైన్యానికి ఆధారం లేదు. ఈ జాతిని తీసుకున్నవాడు రెండు నిమిషాల్లో ఓడిపోతాడు. ఈసారికి తీసేస్తున్నాను. చెప్పినందుకు మీ మీద గౌరవం పెరిగింది. కానీ నేను చెయ్యగలిగింది లేదు."

సందేహం నుంచి ఒకటే ముక్క. "మచ్చ ఫొటో పెట్టండి. పక్కన స్కేలు పెట్టి తీయండి."

చెల్లెలు చదివి వినిపిస్తే అన్న పకపకా నవ్వాడు. యంత్రం కూత పెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి, "ఏంటి సార్, బీపీ ఎగరగొడుతున్నారు!" అని కసురుకుని, సంగతి విన్నాక తానే స్కేలు పట్టుకుంది. అరికాలి నుంచి మచ్చదాకా కొలిస్తే నలభై తొమ్మిది.

"సెంటీమీటరు తక్కువొచ్చింది" అంది నర్సు.

"అప్పుడు బూట్లేసుకుని ఉన్నాను" అన్నాడు అన్న.

విడుదల రోజు వచ్చింది, పోయింది. చివరి పేర్లలో అన్న పేరు లేదు. అయితే ఆ ఆటలో ఒక వెసులుబాటు ఉంది. అసలు వెర్షన్‌లో చోటు దొరకని జాతిని ఎవరైనా విడిగా పెట్టుకోవచ్చు, కావలసినవాళ్ళు తెచ్చి తగిలించుకుంటారు. చెల్లెలు దిబ్బవాళ్ళను మళ్ళీ మొదటినుంచి కట్టింది. విల్లులు తీసేసింది. కుండను చంకన పట్టేంతకు కుదించింది. వానకు అందరి ధాన్యమూ తడుస్తుంది, వీళ్ళది తడవదు. బలం అదొక్కటే.

గోడ దగ్గరే చిక్కొచ్చింది. ఆ ఆటలో గోడ అంటే దాటలేనిదని అర్థం. దాన్ని మోకాలిదాకా తగ్గించినా జనం దాని ముందుకొచ్చి బొమ్మల్లా నిలబడిపోతున్నారు. తమ గడప తామే దాటలేకపోతున్నారు. గోడ దాటే నడక ఈ ఆటలో ఇంతకుముందు ఎవరూ గీయలేదు. ఆమె నాలుగు వారాలు దాని మీదే కూర్చుంది. ఈలోగా అన్న బాగా నీరసించిపోయాడు. కుర్చీ దాకా నడిచి వచ్చేవాడిని చక్రాల కుర్చీలో తేవలసి వచ్చింది.

ఐదో శుక్రవారం లాప్‌టాప్ తెరిచి అతని ఒళ్ళో పెట్టింది.

వాన వెలిసిన వీధి. ఇళ్ళ ముందు పొట్టి గోడలు. చంకన కుండతో ఒక ఆడమనిషి వచ్చింది. గోడ ముందు ఒక్క క్షణం ఆగింది. ఒక చేత్తో కట్టుబట్ట కాస్త పైకి పట్టుకుని, ఎడమకాలు ముందు అవతలికి వేసి, తర్వాత కుడికాలు తీసుకుని, లోపలికి పోయింది.

అన్న చాలాసేపు చూశాడు.

"ఆ ఆగడమేంటే?"

"నువ్వు ఏ గడప దగ్గరైనా అలాగే ఆగుతావు. ఏళ్ళ తరబడి చూస్తున్నాను. ఎడమకాలే ముందేస్తావు."

"నేను ఆగింది దెబ్బ తగిలాక. వాళ్ళు అక్కడే పుట్టినవాళ్ళు, ఎందుకాగుతారు?"

"తీసెయ్యనా?"

అన్న తల అడ్డంగా ఊపాడు. "ఉంచు. చుక్కల్లో పెట్టు."

ఆ ఆటలో చుక్కల గీతలు లేవు. చెల్లెలు ఆధారం గడి తెరిచి, నడకకు ఎదురుగా 'ఊహ' అని రాసి చూపించింది. అతను వంగి, అద్దాలు సర్దుకుని, ఆ రెండక్షరాలూ చదివాడు. సరేనన్నట్టు వెనక్కి ఆనుకున్నాడు. చెల్లెలు లాప్‌టాప్ తీసుకోబోతే కుడి చేత్తో ఆపాడు.

"ఇంకోసారి దాటించు" అన్నాడు.