బరువెక్కకముందు కొలిచిన ఎత్తు

నేను ఒక ఇనుప ముక్కను. మందం రెండంగుళాలు, నడుమ బెజ్జం. పికప్పు బండి ముందు స్ప్రింగుకీ ఛాసిస్‌కీ మధ్య నన్ను ఇరికిస్తే బండి ముక్కు పైకి లేస్తుంది. నాకు వచ్చిన విద్య అంతే. ఆ విద్య కోసం నన్ను పుట్టించినవాళ్లలో ఒక్కరిమీదా నాకు ప్రేమ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత నామీద జాలిపడొద్దు.

పూర్వం నేను చక్కెర ఫ్యాక్టరీలో షాఫ్టుని. ముప్పై ఏళ్లు చెరుకు పిండాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక తుక్కు కొట్లో పడి ఉంటే, కొల్లేటి పక్క ఊళ్లో మెకానిక్కు మస్తాన్ నన్ను కొనుక్కొచ్చి లేతు మీద రెండు ముక్కలు కోశాడు. కుడి చక్రం వైపు నేను, ఎడమ చక్రం వైపు నా తోబుట్టువు. అది నోరులేనిది. అందుకే ఇద్దరి కోపమూ నేనే పడుతున్నాను.

నన్ను కోయించినవాడు చేపల చెరువుల భూషయ్య. అతగాడి పికప్పుకి చేపల లోడు ఆగడం కోసం వెనక స్ప్రింగుల్లో అదనంగా ఇనుప పట్టీలు వేయించారు. దాంతో ఖాళీగా ఉన్నప్పుడు తోక పైకీ, ముక్కు కిందకీ ఉండేది. అదేమీ తప్పు కాదు, లోడెక్కితే సమంగా నిలబడేది. కానీ ఒకరోజు పదిమందిలో అతని బావమరిది సత్యం, "ఏం బావా, నీ బండి గడ్డి మేస్తందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నుంచి పుట్టాను నేను. ఇంతకంటే నీచమైన పుట్టుక ఉంటుందా చెప్పండి.

భూషయ్య శుక్రవారం నాడు వచ్చాడు. శుక్రవారం బండి కడిగి, పసుపు రాసి, దండేసి, కొబ్బరికాయ కొట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ రోజు బండిలో చేప పొలుసు కూడా ఉండకూడదు. మస్తాన్ టేపు పట్టుకుని కాసేపు నసిగాడు.

"లోడేసుకుని రండి భూషయ్యగారూ. బరువు మీద కొలిస్తేనే లెక్క తేలుద్ది."

"పూజ చేసిన బండిలో కంపు చేపలేసుకు రమ్మంటావా? ముందు భాగం నా మోకాలు దాటాలి. అదీ కొలత."

అలా మోకాలు పెట్టి కొలిచారు నన్ను. మస్తాన్‌కి తెలుసు ఇది తప్పని. తెలిసీ స్పానరు అందుకున్నాడు. అతణ్ణి నేను క్షమించలేదు, క్షమించను కూడా.

ఇక ఆ బండి నడిపేవాడు ఏసుపాదం. యాభై దాటినవాడు. ఇరవై ఏళ్లుగా చెరువు గట్ల మీద తిరుగుతూ ఒక్కసారి కూడా చక్రం నీళ్లలో పెట్టనివాడు. పొద్దున్నే వల లాగి, క్రేట్లలో చేపలూ ఐసూ నింపి వెనకెక్కించగానే తోక కుంగేది, ముక్కు మరీ లేచేది. ఎదురుగా గట్టు అంచు కనబడేది కాదు. తడిమట్టి మీద స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు నేలని పట్టేవి కావు. ఏడు వంపులున్నాయి ఆ గట్టుకి. ఏడు చోట్లా ఏసుపాదం నన్ను తిట్టేవాడు. నాకు ఒళ్లు మండేది. నా అంతట నేను దూరానా మీ బండిలోకి?

మూడుసార్లు అడిగాడు. "అయ్యగారూ, లోడెక్కితే ముక్కు ఆకాశం చూస్తంది. దారి కనబడతల్లేదు. ఏదో ఒకనాడు చెరువులో కలిసిపోతాను. ఆ ముక్కలు తీయించండి."

మూడుసార్లూ భూషయ్య ఒకే మాట. "ఒరే ఏసుపాదం, బండి నాది, ఎత్తు నాది. నడపడమే నీది. భయమైతే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటా." తనకన్నా పదేళ్లు పెద్దవాణ్ణి ఒరే అనడం ఆ మనిషికి మంచినీళ్లు తాగినంత మామూలు.

వాన వెలిసిన మర్నాడు నిండు లోడుతో బయలుదేరారు. భూషయ్య పక్కనే కూర్చున్నాడు. మూడో వంపు ముందు ఏసుపాదం బండి ఆపి, కిందకి దిగి, తాళంచెవి సీటు మీద పెట్టాడు.

"ఈ వంపు మీరు తిప్పండి. తిప్పితే ఇంకెప్పుడూ ఈ ఊసెత్తను."

"నేను తిప్పలేననా?"

"తిప్పండయ్యా, చూస్తాను."

బావమరిది నవ్వు గుర్తొచ్చిందో ఏమో, భూషయ్య జరిగి స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి కదిలింది. స్టీరింగు తిరిగింది, చక్రాలూ తిరిగాయి, బండి మాత్రం తిన్నగానే పోయింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు సంతోషం వేసింది. మరుక్షణం ముక్కు మీద పడి చెరువులోకి దిగాం. పట్టిన చేపల్లో సగం ఎక్కడివక్కడికి పోయాయి.

ఏసుపాదం వెనకాముందూ చూడకుండా దూకాడు. డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కున్న యజమాని కాలు లాగి, మనిషిని భుజాన వేసుకుని గట్టెక్కించాడు. ఆ భుజం మీద వేలాడుతూనే భూషయ్య, "ఆ ముక్కలు పెట్టిన వెధవ మస్తాన్‌గాణ్ణి ఏం చేస్తానో చూడు," అన్నాడు. పెట్టించిన వెధవ సంగతి ఎత్తలేదు.

బండి పైకి తీశాక మమ్మల్ని ఊడబీకి గొడ్లపాక గోడవారకి విసిరేశారు. భూషయ్యకి మోకాలి చిప్ప పగిలింది. వాపు తగ్గాలంటే పడుకున్నప్పుడు మడమ ఛాతీకంటే ఎత్తులో ఉండాలని, మంచం కాళ్లవైపు లేపమని డాక్టరు చెప్పాడు. ఇటుకలు పెడితే మంచం కోళ్లు జారిపోతున్నాయి.

తాళంచెవులు ఇచ్చేసి పని మానేస్తానని చెప్పడానికి ఏసుపాదం అప్పుడే వచ్చాడు. భూషయ్య భార్య నాగరత్నం కళ్లనీళ్లు పెట్టుకుని, "అన్నా, ఈ మంచం ఒక్కటీ సరిచేసి వెళ్లు," అంది. అతను పాకలోకి వెళ్లి మా ఇద్దర్నీ ఏరుకొచ్చాడు. కాళ్లవైపు మంచం కోళ్ల కొసలు సన్నగా ఉన్నాయి, మా బెజ్జాల్లో కాస్త దిగి బిగుసుకున్నాయి.

భూషయ్య గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మా వంక చూశాడు. మమ్మల్ని గుర్తుపట్టాడు. మొహం మాడిపోయింది.

"ఎంత ఎత్తొచ్చిందో కొలువు. సరిపోతే పడుకుంటా," అన్నాడు.

ఏసుపాదం జేబులోంచి టేపు తీశాడు గానీ విప్పలేదు.

"ఖాళీ మంచం కొలవను. బరువెక్కితే నవారు కుంగుద్ది. ముందు మీరు పడుకోండి."

భూషయ్య మంచం అంచు అందుకున్నాడు. ఒరే అనబోయి ఆగాడు. తరవాత మెల్లగా, కాలు రెండు చేతులా ఎత్తుకుని, మంచమెక్కి పడుకున్నాడు. అతని బరువు నామీద పడింది.

అప్పుడు కొలిచాడు ఏసుపాదం.