పోలిక బావి

అంట్లు తోముతుంటే హాల్లోంచి మావారి గొంతు. "ఆ రిపోర్టు మీద సంతకం పెట్టేశావా?" మామూలు గొంతు కాదది. టీ అని ఒక్క కేక వేస్తే ఎదురింటి స్టవ్వు మీద పాలు పొంగుతాయి. అంత గొంతుకీ చేతులు మాత్రం లేవు. ఉంటే తాగిన గ్లాసు సింకు దాకా వచ్చేది.

బొగ్గు కాల్చి కరెంటు తీసే ప్లాంటులో ఆయన ఇంజనీరు, బూడిద పాతిపెట్టించడం ఆయన పని. ఆ బూడిద భూమిలోని నీళ్ళలో కలుస్తోందో లేదో తేల్చడం ల్యాబులో నా పని. "తేల్చడం దేనికమ్మా, కలవలేదని రాసెయ్" అంటాడు మేనేజరు. పన్నెండు అడుగులకే నీళ్ళు పడే నేలలో నలభై అడుగుల గుంట తవ్వి బూడిద నింపారు. గ్లాసులో టీపొడిలా ఏడేళ్ళుగా నానుతోంది. దిగువ కాలనీ మొత్తం బోరు నీళ్ళే తాగుతుంది.

పరీక్షకో పద్ధతుంది. గుంటకు దిగువన ఒక బావి, బూడిద సోకని ఎగువన ఇంకో బావి. ఎగువది పోలిక బావి. బూడిదలోంచి దిగే విషం ఆర్సెనిక్ రెండింటిలోనూ ఒకేలా ఉంటే తప్పు నేలది, ప్లాంటుది కాదు. ఏడేళ్ళూ ఒకేలా ఉంది, ఏడేళ్ళూ ఏడాదికో సంతకం పెట్టాను. నిన్న ఎగువ బావిలో నిలవ నీళ్ళు తోడి పారబోసి, కొత్త ఊట కోసం ఇంకా లోతుకి తోడాను. నడుము విరిగింది. బకెట్టు అడుగున నల్లటి మడ్డి. వేళ్ళ మధ్య నలిపితే పౌడరంత మెత్తగా ఉంది. బూడిద! అంతకు ముందటి పాత బూడిద గుంట మీద మట్టి కప్పి, గడ్డి పెంచి, అక్కడే పోలిక బావి తవ్వారు. చోటు చూపించింది మావారే.

చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి అదే చెప్పాను.

"మొదలెట్టావా? ఇంట్లో నడుం నొప్పి, ఆఫీసులో బూడిద! నీ నోటి పుణ్యాన ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. మా అమ్మ నలభై ఏళ్ళు చాకిరీ చేసింది, ఒక్కరోజైనా మూలిగిందా?"

పదహారేళ్ళుగా వింటున్న పోలిక. సోఫాలో బట్టలు మడత పెడుతున్న అత్తయ్య చేతులు ఆగాయి.

"మూలిగానురా. రోజూ మూలిగాను. మీ నాన్న టీవీ సౌండు పెంచేవాడు, నీకు వినపడలేదంతే."

అంటే ఈ ఇంట్లో నన్ను పోల్చి చూసిన బావి కూడా బూడిదలోనే తవ్వారన్నమాట.

ఆయన ముందే కూర్చున్నాను. రిపోర్టులో "తేడా లేదు" అన్నది కొట్టేశాను. "పోలిక బావి బూడిదలో ఉంది. ఏడేళ్ళుగా నేను పెట్టిన సంతకాలు చెల్లవు. కాలనీ ఈ నీళ్ళు తాగకూడదు" అని రాసి, కింద ఎనిమిదో సంతకం పెట్టాను. ఫోటో తీసి కాలుష్య నియంత్రణ ఆఫీసుకూ, కాలనీ వాళ్ళ వాట్సాప్ గ్రూపుకూ పంపించాను.

మావారు గొంతెత్తారు.

అత్తయ్య రిమోట్ అందుకుని టీవీ సౌండు పెంచింది.