మూడు శాతం గడిలో ఖతీజాబీ

నాకు కోపం తొందరగా వస్తుంది. మా పర్చేజ్ సెక్షన్లో ఈ సంగతి అందరికీ తెలుసు, అందుకే టీ కూడా ముందు నా టేబుల్ మీదికే వస్తుంది. అయినా ఆ మంగళవారం ఖతీజాబీ మీద వచ్చినంత కోపం ఈ మధ్యకాలంలో ఎవరి మీదా రాలేదు.

మా యూనివర్సిటీకి కేంద్రం నిధులతో ఆడపిల్లల హాస్టల్ ఒకటి మంజూరైంది. కట్టేది పెద్ద కంపెనీయే. కాకపోతే గ్రాంటు కాగితాల్లో ఒక షరతు పెట్టారు. పనుల్లో నాలుగో వంతు చిన్న యూనిట్లకు ఇవ్వాలి, మొత్తంలో మూడు శాతమైనా ఆడవాళ్లు నడిపే యూనిట్లకు దక్కాలి. ఏ పని ఎవరికి ఇస్తున్నారో ముందే ఒక ప్లాన్ రాసి, పేర్లతో సహా ఢిల్లీకి పంపాలి. ఒకసారి పంపాక పేరు మార్చడానికి లేదు. ఆ ప్లాన్ తయారుచేసే పని నా నెత్తిన పడింది.

కిటికీలకు, మంచాలకు, వైరింగుకు మనుషులు దొరికారు. ఆడవాళ్ల గడి దగ్గర ఆగిపోయాను. అక్కడ రాయాల్సింది హాస్టల్‌కు దూది పరుపులు ఎవరు కుట్టి ఇస్తారన్నది. మా అకౌంట్స్ ఆఫీసర్ భాస్కర్ సార్ మంచివాడే, కానీ ఫైలు కదలకపోతే ఆయనకు అన్నం సయించదు.

"గంత ఆలోచన ఎందుకు వినోదా? పెండ్లాల పేరు మీద షాపులు బోలెడున్నయి. ఒకటి రాసి పారెయ్," అన్నాడు.

కంపెనీవాళ్లు అలాంటి షాపు పేరు ఒకటి పంపారు కూడా. చౌరస్తాలో ఫోమ్ పరుపుల షాపు, ప్రొప్రయిటర్ వరలక్ష్మి. దూది పరుపులు కావాలంటే ఎక్కణ్నుంచైనా తెప్పించి ఇస్తామన్నారు. ఆ షాపులో నేను రెండుసార్లు బేరమాడాను. రెండుసార్లూ గల్లా దగ్గర కూర్చున్నది ఆమె భర్తే. ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

అప్పుడు మండిబజార్ సందులోని ఖతీజాబీ గుర్తొచ్చింది. మా ఇంట్లో పరుపులన్నీ ఆమె కుట్టినవే. నేను వెళ్లేసరికి దూది ఏకే మిషన్ ఆపి, ముక్కుకు కట్టుకున్న దస్తీ విప్పింది. కనుబొమల మీద కూడా దూదే. లోపలి గదిలో ఆమె భర్త బాబా మియా మంచం మీద ఉన్నాడు. ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంది, ఆరేళ్లుగా ఆయన మిషన్ ముట్టుకోలేదు. అప్పటినుంచి దూది ఏకేదీ, దబ్బనంతో కుట్టేదీ, గిరాకీతో మాట్లాడేదీ అంతా ఈమే. బోర్డు మీద మాత్రం ఇంకా ఆయన పేరే ఉంది.

"వచ్చే సోమారం మిషన్ తీస్కపోనీకె వస్తాండ్రు వినోదమ్మా," అంది. "పాత ఇనుపసామానోల్లు. అందరు ఫోమ్ పరుపులే కొనవట్టిరి. దీన్ని పెట్టుకొని నేనేం జెయ్యాలె?"

"అమ్మకు అక్కా. జర ఆగు," అన్నాను.

సంగతి విని బాబా మియా మంచం మీద నుంచే, "ఆమె పేరు మీదనే చెయ్యి బిడ్డా. చేసేది ఆమెనే గద," అన్నాడు. అక్కడే కూర్చుని నా ఫోన్లోనే ఆయన పేరు మీదున్న పాత యూనిట్ రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, ఖతీజాబీ పేరుతో కొత్తది తీయించాను. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ ఆమె తన ఫోన్ నా చేతిలో పెట్టి, పరాయివాళ్ల ఉత్తరం చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పేరు రాసేముందు యూనిట్‌ను కళ్లారా చూసి రావాలని రూలు. మంగళవారం భాస్కర్ సార్, నేను బయల్దేరాం. చేతిలో ఉన్న రెండు పేర్లూ చూడాలి కాబట్టి ముందు చౌరస్తా. వరలక్ష్మి కొత్త చీర కట్టుకుని గల్లా దగ్గర కూర్చుంది, భర్త పక్కన నిలబడ్డాడు.

"ఓనర్ ఎవరమ్మా?" అని అడిగాడు భాస్కర్ సార్.

"నేనే సార్. ప్రొప్రయిటర్‌ని నేనే," అని ఆమె ఠక్కున చెప్పింది. ఆయన కాగితం మీద టిక్కు పెట్టాడు.

తర్వాత మండిబజార్. ఖతీజాబీ ఒళ్లంతా దూదితో బయటికి వచ్చింది. భాస్కర్ సార్ అదే ప్రశ్న అడిగాడు.

"లోపల పండుకున్నడు సార్," అంది. "పానం మంచిగలేదు. ఏమన్న ఉంటె నాకు చెప్పుండ్రి, నేను చెప్త."

నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. భాస్కర్ సార్ పెన్నుకు మూత పెట్టి నన్ను పక్కకు పిలిచాడు. "ఆమెనే చెప్తాంది గద, ఓనర్ ఆయన అని. రేపు ఆడిట్ వాళ్లొచ్చి అడిగినా గిదే చెప్తది. అప్పుడు నీ కొలువు, నా కొలువు రెండు పోతయి." ఆయన మాటలో తప్పు లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

ఆయన బండి తియ్యడానికి వెళ్లగానే ఖతీజాబీని కడిగేశాను. "కాగితం మీద నీ పేరు రాయిస్తిని. పొద్దున ఫోన్ చేసి మల్ల చెప్తిని. నేనే అని ఒక్క ముక్క నోట్లెకెల్లి రాదా అక్కా?"

ఆమె దస్తీని వేళ్లకు చుట్టుకుంటూ నిలబడింది. "ముప్పై ఏండ్ల సంది గిరాకోల్లు వచ్చి ఓనర్ ఉన్నడా అంటె, లోపలున్నడు అంటాన్న. అదే వచ్చింది నోటికి. ఆయన పానంతోటి ఉండంగ నేను ఓనర్నని ఎట్లంట వినోదమ్మా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోనియ్. నువ్వు ఫికర్ చెయ్యకు. సోమారం మిషన్ ఇచ్చేస్త."

నేను వెళ్లి బండెక్కాను. ఓదార్చే ఓపిక కూడా లేకపోయింది నాకు.

బుధవారం పొద్దున వంట చేస్తున్నాను. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్లాడు. గేటు దగ్గర ఎవరో, "ఇంటి పన్ను కొలతల కోసం వచ్చినం. ఓనర్ ఉన్నరా మేడం?" అని కేకేశారు.

"లేడు, డ్యూటీకి పోయిండు. సాయంత్రం రాండ్రి," అన్నాను వంటింట్లోంచే. బండి శబ్దం దూరమైంది. నేను పప్పులోకి పోపు వేయబోయి ఆగిపోయాను.

ఆ ఇల్లు నా పేరు మీద ఉంది. లోన్ తీసుకుంది నేను, పదకొండేళ్లుగా కోత పడుతున్నది నా జీతంలో. గేటు పక్కన నల్లరాయి మీద మా ఆయన పేరు ఉంటే, అది కూడా దగ్గరుండి చెక్కించింది నేనే. రోజుకు నాలుగు ఫైళ్ల మీద ఓనర్ ఎవరని ఎర్ర ఇంకుతో రాసి వెనక్కి పంపే మనిషిని. పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. ఖతీజాబీని అన్న మాటలు తలుచుకుంటే సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

ఆఫీసుకు వెళ్లి, సంచి కూడా దించకుండా భాస్కర్ సార్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. కాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "మా ఇంట్ల గ్యాస్ కనెక్షన్ నా పెండ్లాం సుగుణ పేరు మీదున్నది. ఎవరొచ్చినా నా పేరే చెప్తది," అన్నాడు.

"ఓనర్ ఎవరంటే ఎవరైనా నేర్చుకొని చెప్పొచ్చు సార్. పని గురించి అడుగుదాం. ఇద్దర్నీ ఒక్కటే ప్రశ్న," అన్నాను.

"ప్లాన్ శుక్రవారం పోవాలె. ఇంకొక్కసారే వస్త," అన్నాడు.

గురువారం మళ్లీ వెళ్లాం. మా హాస్టల్ పరుపులో దూది ఎంత పట్టాలి అన్నది ప్రశ్న. వరలక్ష్మి భర్త నోరు తెరవబోతే భాస్కర్ సార్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె బల్ల మీది బిల్లుల పుస్తకాన్ని పక్కకు జరిపింది. "నాకు తెల్వది సార్. సంతకం వరకే నాది," అంది మెల్లగా. "చెప్తె నేర్చుకుందును. ఎవ్వరు చెప్పలె." ఆమె మీద పెట్టుకున్న కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

మండిబజార్‌లో అదే ప్రశ్న వేస్తే, ఖతీజాబీ మొదట పరుపు కొలత అడిగింది. నేను తొందరలో కాగితం మీదున్నదంతా చదివేశాను. మూడుకు ఆరడుగులు, ఎనిమిది కిలోలు.

"ఎనిమిదా? ఎవరు రాసిన్రు గిది?" అంది.

రాసింది నేనే. చెప్పక తప్పింది కాదు.

"ఎనిమిది కిలోలైతె ఆర్నెల్లకు రొట్టె అయితది వినోదమ్మా. పొద్దందాక సదువుకునే పిల్లలు, నడుములు పడిపోతయి. పన్నెండు పట్టాలె. కుట్టు జానెడు దూరం మించొద్దు, లేకుంటె దూది ఒక్కదిక్కు కుప్పవడ్తది." భాస్కర్ సార్ వైపు తిరిగింది. "ఎనిమిదే అంటె నేను కుట్ట సార్. ఇంకెవరికన్న ఇచ్చుకోండ్రి."

మిషన్ పోయేట్టుంది, చేతికొచ్చిన పని ఇదొక్కటే. అయినా వద్దంటోంది.

భాస్కర్ సార్ పెన్ను మూత తీశాడు. "మంచిగ చెప్పినవమ్మా. ఇప్పుడు చెప్పు, ఓనర్ ఎవరు?"

ఖతీజాబీ కొంగు సవరించుకుని లోపలి గది వైపు చూసింది. లోపల మంచం కిర్రుమంది.

"చెప్పు ఖతీజా," అన్నాడు బాబా మియా దగ్గుతూనే. "ఆరేండ్ల సంది అన్ని నువ్వే చేస్తివి. ఇది గూడ నేనే చెప్పాల్నా?"

"నేనే సార్," అంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. భాస్కర్ సార్ మళ్లీ చెప్పమనలేదు, రాసుకున్నాడు.

శుక్రవారం ప్లాన్ వెళ్లింది. మూడు శాతం గడిలో ఖతీజాబీ పేరు, ఎనిమిది కొట్టేసిన చోట పన్నెండు. సోమవారం ఆమె సంతకాల కోసం మండిబజార్ వెళ్లాను. మిషన్ హోరులో నేను వచ్చింది ఆమె చూసుకోలేదు. అప్పుడే సందులో ట్రాలీ ఆటో ఆగింది. ఇనుపసామాన్ల అతను దిగి, బోర్డు చదివి, ఆమె మీదుగా లోపలికి తొంగిచూశాడు.

"ఓనర్ ఉన్నడా?"

ఖతీజాబీ మిషన్ ఆపి ముక్కు మీది దస్తీ కిందికి లాగింది. "నేనే. మిషన్ అమ్మెడిది లేదు, పోండ్రి," అంది.

లోపల బాబా మియా నవ్వబోయి దగ్గు తెరలో పడ్డాడు. ఆమె చేతులు దులుపుకుని నీళ్ల చెంబుతో లోపలికి వెళ్లింది.