మిస్టర్ చందర్‌కు వచ్చిన ఉత్తరాలు

"ఏం పిల్లవే, పొద్దుగాల్నుంచి ఫోను కలుస్తలేదంట. కొత్తగూడెం నుంచి మా చెల్లె మన పక్కింటోళ్లకు ఫోన్ చేసి తిట్టింది," అంది బతుకమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"ఇగ అయిపోయింది అత్తమ్మా," అని దుర్గ కంప్యూటర్ వైరు పీకి ఫోనుకు పెట్టింది. ఇంటర్నెట్ పెడితే ఫోను మూగబోతుంది. 2006లో మణుగూరు బొగ్గుగని క్వార్టర్లలో ఇంట్లో ఇంటర్నెట్ ఉండటమే పెద్ద ముచ్చట. దుర్గ భర్త చందర్ గని వర్క్‌షాపులో ఫిట్టర్. కొత్తగా పెళ్లయినప్పుడు, ఆమె కంప్యూటర్ డిగ్రీ చదివిందని, ఖమ్మం నుంచి మానిటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మెయిల్ ఐడీ కూడా తనే తెరిచాడు, తన పేరు మీద.

దుర్గ కాలనీ అంచున ఒక ధర్మాసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటరు. పేషెంట్ల వివరాలు దాచే ప్రోగ్రాం అక్కడ ఒక పాత లైబ్రరీ మీద నడిచేది. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు. ఎవరైనా వాడుకోండి, బాగుచేసుకోండి అని నార్వేలో ఒక పెద్దాయన ఎప్పుడో రాసి ఉచితంగా వదిలిన కోడ్. ఎండాకాలంలో ఆసుపత్రికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఆ రోజు నుంచి కుటుంబ కార్డు నంబరు కొడితే అందులో మొదటి పేరు ఒక్కటే కనిపించేది. మొదటి పేరు ఎప్పుడూ ఉద్యోగం చేసే మగవాడిదే. అతని భార్య, తల్లి, పిల్లలు ఎటుపోయారో తెలియదు.

ఆ వారమే బతుకమ్మ జ్వరంతో వెళ్లింది. ఆమెకు పడని సూది మందు పేరు రికార్డులో ఉంది, కానీ రికార్డే తెరమీదికి రాలేదు. నర్సు సూది ఎత్తింది. దుర్గ పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకుంది. "మళ్లీ కాగితాల మీద రాసుకోండమ్మా," అని సూపరింటెండెంట్ తేల్చేశాడు.

దుర్గకు మనసొప్పలేదు. వెతికితే, ఆ లైబ్రరీని నాలుగేళ్లుగా ఎవరూ ముట్టలేదని తెలిసింది. జవాబు లేని ఫిర్యాదులు మాత్రం కుప్పగా ఉన్నాయి. అంట్లు తోమి, బట్టలు ఆరేసి, మధ్యాహ్నాలు ఆ కోడ్ చదవడం మొదలుపెట్టింది. చదివేకొద్దీ ఆ పెద్దాయన మీద ఇష్టం పుట్టింది. ఒకచోట, "ఇది ఎందుకు పనిచేస్తుందో నాకూ తెలియదు, దయచేసి కదపకండి" అని రాసుకున్నాడు. దుర్గ పగలబడి నవ్వింది. రెండు నెలలకు తప్పు దొరికింది, సరిగ్గా ఆయన కదపవద్దన్న చోటే. దిద్ది, ఇంట్లో ఉన్న ఆ మెయిల్ ఐడీ నుంచే ఆయనకు పంపింది. "డియర్ మిస్టర్ చందర్, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. ఆసుపత్రిలో పేర్లన్నీ తిరిగొచ్చాయి. "మేమే బాగు చేసుకున్నాం," అని సూపరింటెండెంట్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఇంట్లో చందర్, "ఆ ఆటేందో అయినంక అన్నం పెట్టు," అనేవాడు, ప్రేమగానే.

దుర్గ ఇంకో ఆరు తప్పులు దిద్దింది. ఆరుసార్లూ మిస్టర్ చందర్‌కే మెప్పు వచ్చింది. ఒకరోజు ఆ పెద్దాయన నుంచి పొడుగాటి ఉత్తరం. చూపు మందగించిందట. "మిస్టర్ చందర్, ఈ లైబ్రరీ బాధ్యత మీరు తీసుకుంటారా? లేకపోతే ఇంతటితో మూసేస్తాను."

చందర్ పొంగిపోయి వర్క్‌షాపంతా చెప్పొచ్చాడు. దుర్గ తన పేరుతో జవాబు రాస్తానంటే మాత్రం అతనికి అర్థం కాలేదు. "నా పేరు మీదనే ఉండనియ్యి. నీదైతేంది, నాదైతేంది? ఇద్దరం ఒక్కటే గదా."

 అతను చెడ్డవాడైతే దుర్గకు కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది. ఇంత ముద్దుగా అడిగేవాడికి, నా పేరు నాకు కావాలని ఏ గొంతుతో చెప్పాలి? అడిగితే వేరుపడినట్టు, అడగకపోతే అసలు లేనట్టు. పెళ్లయ్యాక ఎన్నిసార్లు ఇలా మింగిందో లెక్కలేదు.

బతుకమ్మ చేటలోంచి తలెత్తింది. "ఒక్కటే ఐతే, రేపు నీ డ్యూటీ హాజరుల దాని పేరు రాపియ్యిరా."

చందర్ నవ్వబోయి ఆగిపోయాడు.  తర్వాత తనే కుర్చీ జరిపి, "రాస్కో," అన్నాడు.

దుర్గ కొత్త ఐడీ తెరిచి రాసింది: "ఇన్నాళ్లూ మీకు రాసింది నేను. నా పేరు దుర్గ. చందర్ నా భర్త, మంచి ఫిట్టర్. ఈ పని ఆయనది కాదు. ఇవ్వాలనుకుంటే నాకివ్వండి."

మూడోరోజు లైబ్రరీ తాళాలు, అంటే పాస్‌వర్డులు, అన్నీ వచ్చాయి. వాటితోపాటు నలభై ఒక్క ఫిర్యాదులు. "మన్నించండి, దుర్గ గారూ. నేను అడగాల్సింది," అని రాశాడు పెద్దాయన.

ఆ సాయంత్రం చందర్ షిఫ్టు నుంచి వచ్చేసరికి పొయ్యి మీద ఏమీ లేదు.

"ఇగ రోజూ నాలుగింటి నుంచి ఆరింటి దాక నేను ఈ పనిల ఉంట," అంది దుర్గ. "రాత్రి వంట నువ్వు చెయ్యాలె."

"నాకు వంట వస్తదానే?"

"నాకు మాత్రం ఇది వచ్చేదా? నేర్సుకున్న," అంది దుర్గ, మొదటి ఫిర్యాదు తెరుస్తూ.